రెండు పుస్తకాల మధ్య బ్యాచ్

మా అక్క లెక్కల టీచరు. పిల్లలు ఆమెకి ‘ఆగండి టీచర్’ అని పేరు పెట్టారు. ఒక్క మొహం అయోమయంగా కనబడితే చాలు, “ఆగండి, ఇంకోసారి చూద్దాం” అని పాఠం మళ్లీ మొదలుపెట్టేది. సిలబస్ ఎప్పుడూ వెనకే, హెడ్మాస్టరు చీవాట్లు ఎప్పుడూ ముందే.

అలాంటి మనిషిని లెక్కల పుస్తకాలు తిరగరాసే కమిటీలో వేశారు. పొడుగాటి బల్ల, గోడనిండా చార్టులు, చల్లారిపోయిన టీ. “పదో తరగతికి ఏం రావాలో ముందు రాసుకుని, అక్కణ్నుంచి వెనక్కి దిగుదాం” అన్నారు పెద్దలు. “బళ్లోకొచ్చే పిల్లకి ఇప్పటికే ఏం తెలుసో అక్కణ్నుంచి ఎక్కుదాం. అదే పాఠాన్ని ఏటా ఇంకాస్త లోతుగా చెబుదాం” అంది అక్క. ఎవరు పట్టిన కుందేలుకి వాళ్లు మూడే కాళ్లన్నారు. నెలల తరబడి వాదించి, నోట్లో నాలుక లేదనుకున్న మా అక్కే నెగ్గింది. ఐదో తరగతిలో హఠాత్తుగా మీదపడే భిన్నాలను నాలుగులోకి దించారు. కాగితం మడతలతో అక్కడ మొదలు, ఐదులో వాటి కూడికలు.

చిక్కు అక్కడే వచ్చింది. కొత్త పుస్తకాన్ని ఏటా ఒక్కో తరగతికే ఇవ్వాలని అక్క కోరింది. కమిటీ అధ్యక్షుడు అన్నిటికీ ఒకేసారి అన్నాడు. అలాగైతే ఆ ఏడు ఐదులోకి వచ్చే పిల్లలకి భిన్నాల మొదటి పాఠమే దక్కదు. వాళ్లు చదివిన పాత నాలుగులో అది లేదు, చదవబోయే కొత్త ఐదులోనూ లేదు.

“వాళ్లకి విడిగా ఒక నెలైనా ఇవ్వండి సార్.”

“ఒక్క బ్యాచే కదమ్మా! టీచర్లు సర్దుకుంటార్లే. ఇంకా పట్టుబడితే అసలు పుస్తకమే ఆగిపోద్ది. మీ ఇష్టం.”

ముందు నుయ్యి, వెనక గొయ్యి. అక్క సంతకం పెట్టింది. ఆ బ్యాచ్‌లో నా కూతురుంది.

ఆ ఏడంతా అక్క ఊరూరా తిరిగి, “మొదటి పాఠం మీరే చెప్పుకోండి” అని టీచర్లను బతిమాలింది. అందరూ తలూపారు. పీరియడ్లు ఎవరిచ్చారు గనక! నా కూతురు అర్థం కాకపోయినా పద్ధతులు బట్టీపట్టి గట్టెక్కుతూ వచ్చింది. మార్కులు వస్తున్నాయి కదా అని మేం అక్కకీ చెప్పకుండా ఊరుకున్నాం. తొమ్మిదిలో బట్టీ పనిచెయ్యలేదు. రెండుసార్లు తప్పింది. “నాకు బుర్ర లేదమ్మా, వదిలెయ్” అని బట్టల షాపులో పనికి చేరింది. కమిటీవాళ్లేమో పుస్తకం భేషుగ్గా ఉంది, ఆ బ్యాచే మందకొడి అని తేల్చారట. వాళ్ల నోళ్లు పడిపోను!

విషయం తెలిసి అక్క పరుగున వచ్చింది. ఆదివారం పొద్దున్నే పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని కాగితం మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది. నేను బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి, అన్నం వార్చేలోపు నా కూతురు అక్క ఇచ్చిన లెక్కలన్నీ తనే చేసేసింది. ఆ మొహంలో వెలుగు చూసి నాకు ఏడుపొచ్చింది.

“ఇంతేనా పెద్దమ్మా?”

“ఇంతేనే తల్లీ.”

పిల్ల ఆ కాగితాన్ని మళ్లీ విప్పి మడిచింది. తర్వాత మెల్లగా అంది: “ఇంత చిన్నదానికా, నేను ఇన్నేళ్లూ బుర్ర లేనిదాన్ననుకున్నాను?”

అక్క ఇంకో కాగితం మడవబోయింది. షాపుకి టైమవుతోందని నా కూతురు చెప్పులేసుకుని వెళ్లిపోయింది.