జమ్ములంకలో లేని అనసూయమ్మ

ఏలూరులో మా అధ్యయన కేంద్రంలో సెమినార్ అంటే ముందు ఫ్లెక్సీ కట్టాలి, తర్వాత శాలువాలు తేవాలి, ఆ తర్వాత టైముంటే ఎవరైనా పేపరు చదవాలి. లైబ్రేరియన్‌గా నా పని పుస్తకాలు ఇచ్చి పుచ్చుకోవడమే అయినా, ఇన్నేళ్లలో పుస్తకాల కంటే సమోసాలే ఎక్కువ పంచాను. పెద్దలు వస్తారు, దీపం వెలిగిస్తారు, గ్రామీణ సమాజం గురించి తీవ్రంగా బాధపడతారు. భోజనాలు కాగానే హాల్లో నేనూ, ఫ్యాన్లూ మిగులుతాం.

ఆ కేంద్రంలో నిజంగా ఊళ్లు తిరిగి పనిచేసిన మనిషి కెజియా.

ఆవిడది ఉంగుటూరు దగ్గర పల్లె. తండ్రి మిషన్ బడిలో లెక్కల మాస్టారు. ఆయన పోయాక తల్లి రూతమ్మ గారిని తీసుకుని తాడేపల్లిగూడెంలో అద్దె ఇంట్లో ఉంటోంది. పొద్దున్నే రైలెక్కి ఏలూరు రావడం, సాయంత్రం రైలెక్కి గూడెం పోవడం. ఎమ్మే అయిన కొత్తలో ఒక సర్వే కోసం మా దగ్గర చేరింది. ఆ సర్వే అయిపోయింది, ఇంకోటి వచ్చింది, అదీ అయిపోయింది. తాగునీరన్నారు, చేపల చెరువులన్నారు, బడి మానేసిన పిల్లలన్నారు, పొదుపు సంఘాలన్నారు. ప్రాజెక్టు ఉంటే ఉద్యోగం ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఇలా నెట్టుకొస్తూ ఉండగానే జుట్టు నెరిసింది. పెళ్లి మాట రూతమ్మ గారు కొన్నాళ్లు ఎత్తారు, తర్వాత ఆవిడకీ విసుగొచ్చి మానేశారు.

ఊళ్లు తిరిగేది కెజియా, మనుషుల్ని అడిగేది కెజియా, రిపోర్టు రాసేది కూడా కెజియానే. అట్ట మీద మాత్రం ప్రొఫెసర్ల పేర్లు ఉంటాయి. లోపల కృతజ్ఞతల పేజీ చివర్లో "క్షేత్రస్థాయిలో సహకరించిన సిబ్బందికి" అని ఒక ముక్క ఉంటుంది. ఆ సిబ్బంది ఈవిడే. ఆ పుస్తకాలకు నంబర్లు వేసి బీరువాల్లో పెట్టేవాణ్ని నేను కాబట్టి నాకు తెలుసు. ఒళ్లు మండేది. ఒకసారి ఉండబట్టలేక అడిగాను కూడా.

"పేరు కోసం దెబ్బలాడే ఓపిక ఎక్కడుందండీ సత్తిరాజు గారూ. రేపు మళ్ళీ రైలెక్కాలి కదా," అంది.

అందరూ పోరు పెడితే చివరికి పీహెచ్‌డీకి నమోదు చేసుకుంది. కొల్లేటి లంక గ్రామాల ఆడవాళ్ల బతుకు మీద. గైడు హేమంత్‌కుమార్ గారు. వయసులో ఆవిడకంటే చిన్న, హోదాలో మా అందరికంటే పెద్ద. ఆయన ప్రాజెక్టుల పని చేస్తూ, మిగిలిన టైములో తన థీసిస్ రాసుకోవాలి. మిగిలేది ఏముంటుంది? గడువు ఒకసారి పెంచారు, రెండోసారి పెంచారు. ఇక పెంచేది లేదని యూనివర్సిటీ వాళ్లు తేల్చి చెప్పేశారు. ఈ ఏడు ఇవ్వకపోతే అన్నేళ్ల కష్టం బూడిదలో పోసినట్టే.

ఆ థీసిస్‌కి గుండెకాయ ఒకే ఒక్క అధ్యాయం. జమ్ములంక వెంకటనరసమ్మ జీవితం.

వెంకటనరసమ్మ సంగతి చెప్పాలంటే ముందు మా పరిశోధకుల సంగతి చెప్పాలి. జమ్ములంకలో గ్రావెల్ రోడ్డు ఆగిపోయే చోట మొదటి ఇల్లు ఆవిడదే. జీపు దిగగానే నీడ ఉండేది ఆవిడ వసారాలోనే. కొల్లేటి ఎండలో ఆ వసారా దాటి రెండో ఇంటికి నడిచిన పరిశోధకుణ్ని నేనింతవరకూ చూడలేదు. ఢిల్లీ నుంచి వచ్చినా, విశాఖపట్నం నుంచి వచ్చినా, మా ఏలూరు నుంచి వెళ్లినా అందరికీ ఆ వసారాయే కొల్లేరు. మా బీరువాల్లో ఉన్న రిపోర్టులన్నీ తిరగేస్తే, లంక మహిళల అభిప్రాయమంటూ రాసిందంతా చాలామటుకు ఆవిడ ఒక్కతి చెప్పిందే.

ఆవిడకీ అలవాటైపోయింది. జీపు శబ్దం వినగానే చాప పరిచేది. మనవాళ్లు పెన్ను తీసేలోగానే మొదలుపెట్టేది.

"నీళ్లు టాంకరు నీళ్లేనండి. మరుగుదొడ్డి ఉందండి, తలుపు లేదు. పెన్షన్ వస్తందండి. మా ఆయన పోయేడు. ఒక పిల్లోడు చిన్నప్పుడే పోయేడు. ఇంకేం రాసుకుంటారండి?"

పిల్లోడు ఎలా పోయాడని అడిగితే అదీ చెప్పేది. వరదలొచ్చిన ఏడు జ్వరమొచ్చింది, దోనె మీద తీసుకెళ్తుంటే దారిలోనే పోయాడు, అంతేనండి. వచ్చిన ప్రతివాడికీ అదే వరస, అవే మాటలు, చివర్లో అదే "అంతేనండి". కళ్లు తడి కావడం ఎవరూ చూడలేదు. ఒక పెద్దమనిషి తన పేపర్లో ఆవిడకి దుఃఖం మొద్దుబారిందని రాశాడు. మధ్యాహ్నం ఆవిడ వండిపెట్టిన చేపల పులుసు తినే రాశాడు.

కెజియా మాత్రం అడగలేదు. వెళ్లినప్పుడల్లా ఆవిడతోపాటు ఆవిడ కూలి చేసే చేపల షెడ్డుకి వెళ్లి, ఐసు పెట్టెల పక్కన కూర్చునేది. చేతనైన పని చేసేది. అలా ఎన్నోసారి వెళ్లినప్పుడో, చేపలు శుభ్రం చేస్తూ వెంకటనరసమ్మ తనంతట తానే మిగిలింది చెప్పింది. ఆ మిగిలింది మా బీరువాల్లో ఏ రిపోర్టులోనూ లేదు. కెజియా దాన్ని ముందు తెలుగులో రాసుకుంది. నాకు చదివి వినిపించింది. నేను కళ్లజోడు తీసి తుడుచుకున్నాను.

రాసింది బాగానే ఉంది. చిక్కు పేరు దగ్గర వచ్చింది.

మా చదువుల్లో ఒక నియమం ఉంది. జీవితం చెప్పిన మనిషి అసలు పేరు రాయకూడదు. రేపు ఆ మనిషికి దానివల్ల ఏ ఇబ్బందీ రాకూడదని. కెజియా నిక్కచ్చి మనిషి. ఓటర్ల జాబితా తెచ్చి, జమ్ములంకలో ఎవరికీ లేని పేరు వెతికి, అనసూయమ్మ అని పెట్టింది. రాసింది ఆ మనిషికి చదివి వినిపించి ఒప్పుకోలు సంతకం తీసుకోవాలని ఇంకో నియమం. ఆ నియమం చాలామంది మర్చిపోతారు. ఈవిడ మర్చిపోలేదు. కాగితాలు పట్టుకుని జమ్ములంక వెళ్లింది. నేనూ వెంట వెళ్లాను.

చాప మీద కూర్చుని కెజియా మొదలుపెట్టింది. "అనసూయమ్మ జమ్ములంకలో పుట్టింది."

"ఎవరండి అనసూయమ్మ?" అంది వెంకటనరసమ్మ.

"మీరేనండీ. పేరు మార్చి రాయాలండీ, అది మా పద్ధతి."

"ఎందుకు మార్చాలి? నేనేమన్నా దొంగతనం చేసేనా?"

కెజియా ఓపిగ్గా చెప్పింది. నేను కూడా ఒక చెయ్యి వేశాను. ఆవిడ వినలేదు.

"ఇన్నేళ్లనించీ వస్తన్నారు, రాసుకుంటన్నారు, పోతన్నారు. ఏ పుస్తకంలోనూ నా పేరు లేదంట. మా మనవరాలు ఫోన్‌లో చూసి చెప్పింది. పడ్డది నేను, పేరు ఇంకొకరికా? నా పేరు పెట్టండి. లేదా నా మాట తీసెయ్యండి. ఆ పైన మీ ఇష్టం అమ్మా."

ఇక ఒక్క వాక్యం కూడా చదవనివ్వలేదు. తిరుగు దారిలో కెజియా ఆటోలో బయటివైపు తిరిగి కూర్చుంది. ఆవిడ అడిగింది తప్పని నేనంటే, "తప్పు లేదండీ. నాకు తెలియనిదా," అంది. పేరు లేకపోవడం ఎలా ఉంటుందో కెజియాకి ఒకరు చెప్పక్కరలేదు.

కెజియా నన్నూ వెంటబెట్టుకుని హేమంత్‌కుమార్ గారి దగ్గరికి వెళ్లి అసలు పేరు పెట్టే వీలుందా అని అడిగింది. యూనివర్సిటీ కమిటీకి రాయాలి, వాళ్లు కూర్చోవాలి, తేల్చాలి, ఈలోగా గడువు దాటిపోతుందన్నారు ఆయన.

"అంత పట్టింపు దేనికమ్మా? ఈవిడ కాకపోతే ఇంకో ఆవిడ. కొల్లేట్లో కష్టాలకి కరువా?"

నాకు ఆయన ముఖాన కేటలాగు విసరాలనిపించింది. కెజియా మాత్రం సరేనండీ అని వచ్చేసింది. సంతకం లేకుండా ఆ అధ్యాయం ఇవ్వదు. అది తీసేస్తే థీసిస్‌లో పట్టికలు తప్ప ఏమీ మిగలదు. ఎవరిచేతో వేలిముద్ర వేయించి, అది ఆ మనిషిదేనని చూపించేవాళ్లు లోకంలో బోలెడుమంది. ఆ ముక్క ఒకాయన కెజియాకి సలహాగా కూడా చెప్పాడు.

థీసిస్ ఇచ్చే ముందు కేంద్రంలో అందరి ఎదుటా సెమినార్ చెప్పాలి. ఆ రోజు పొద్దున్న నేను కుర్చీలు సర్దుతుంటే గుమ్మంలో వెంకటనరసమ్మ నిలబడి ఉంది. లంక నుంచి ఆటో, అక్కణ్నుంచి బస్సు, మళ్ళీ ఆటో. ఉతికిన చీర కట్టుకుని, చేతిలో చెప్పులు పట్టుకుని ఉంది. మా నున్నటి గచ్చు మీద చెప్పులతో నడవాలా వద్దా తెలియక.

"ఇయ్యాళే కదండి నా సంగతి చెప్పేది. పెద్దోళ్లందరూ ఉంటారని మా మనవరాలు ఫోన్‌లో చూసి చెప్పింది. వాళ్లతోనే చెప్దామని వచ్చేను, పేరు పెట్టమని."

ఆవిణ్ని వెనక వరసలో నా పక్కన కూర్చోబెట్టాను. టీ ఇస్తే కప్పు రెండు చేతులతో పట్టుకుని తాగింది. ఇంతలో కెజియా వచ్చింది. ఆవిణ్ని చూసి ఒక్క క్షణం ఆగిపోయింది. ఆ ముఖంలో భయం లేదు, అలసట ఉంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నాట్లేసిన మనిషికి ఇంకో మడి చూపిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. నెమ్మదిగా వచ్చి ఆవిడ ముందు గొంతుక్కూర్చుంది.

"అమ్మా, ఆ రోజు మీరు మొదటి మాట దగ్గరే ఆపేశారు. ఇవాళ ఒక్కసారి చివరిదాకా వినండి. విన్నాక మీరు వద్దంటే వీళ్లందరి ముందే తీసేస్తాను. పేరు ఉండాల్సిందే అంటే కమిటీకి రాస్తాను. గడువు పోతే పోతుంది."

గడువు పోతే కెజియాకి ఏం మిగులుతుందో నాకు తెలుసు. వెంకటనరసమ్మ తలూపింది.

దీపం వెలిగించారు. శాలువాలు కప్పారు. కెజియా ఇంగ్లీషు స్లయిడ్లు గబగబా తిప్పేసి, తెలుగు కాగితాలు తీసి చదవడం మొదలుపెట్టింది. ముందు వరసలో ఒకాయన వాచీ చూసుకున్నాడు.

అనసూయమ్మ కొడుక్కి జ్వరం వచ్చింది. కొల్లేరు పొంగి ఊరి చుట్టూ నీళ్లు. మొగుడూ పెళ్లామూ పిల్లవాణ్ని తాటిదోనెలో పడుకోబెట్టుకుని ఏలూరు ఆసుపత్రికి బయల్దేరారు. సగం దారిలో గుర్రపుడెక్క అడ్డుపడి దోనె ఆగిపోయింది. మొగుడు నీళ్లలోకి దిగి డెక్క లాగుతున్నాడు, లాగినంతా మళ్ళీ కమ్ముకొస్తోంది. దూరంగా గట్టు కనిపిస్తూనే ఉంది. ఒళ్లో పిల్లవాడు కళ్లు మూసుకునే అడిగాడు, "ఏలూరు వచ్చిందా అమ్మా?" అని. అనసూయమ్మ చుట్టూ చూసింది. డెక్కా, నీళ్లూ తప్ప ఏమీ లేదు. "వచ్చేసింది నాన్నా," అంది. పిల్లవాడు నవ్వి పడుకున్నాడు. ఆ తర్వాత అడగలేదు. మొగుడు డెక్కలోనే కూలబడిపోతే, గెడ తానే తీసుకుని దోనె వెనక్కి తిప్పింది. మర్నాడు షెడ్డుకి వెళ్లింది. వెళ్లకపోతే ఆ చోట ఇంకొకరిని పెట్టుకుంటారు.

నా పక్కన కదలిక తెలిసింది. వెంకటనరసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పిల్లోడితో అబద్ధం ఆడిందా ఆ తల్లి," అంది నాతో, గొంతు తగ్గించి.

నేను తలూపాను.

"ఆడక ఏం చేస్తదిలెండి," అంది తనే. "నిజం చెప్పి ఆ పిల్లోణ్ని భయపెడతదా? పాపం. ఏం తల్లండి."

అని ఏడ్చింది. శబ్దం లేకుండా, భుజాలు ఊగేలా, చాలాసేపు. ఎంతమంది అడిగినా, ఎంతమంది రాసుకున్నా రాని ఏడుపు అది. నేను చూపు తిప్పుకున్నాను. నాకూ కన్నీళ్లు ఆగలేదు, దాచుకోను కూడా లేదు.

చదవడం అయ్యాక చప్పట్లు కొట్టారు. ఒకాయన ఒక్కరి కథేనా, నమూనా సంఖ్య చాలదన్నాడు. హేమంత్‌కుమార్ గారు భోజనాలకి లేవండన్నారు. హాలు ఖాళీ అయింది. కెజియా వచ్చి మా ముందు నిలబడింది. చేతిలో ఒప్పుకోలు కాగితం ఉంది గానీ చాపలేదు.

"చెప్పండమ్మా. మీ పేరే పెట్టమంటే పెడతాను."

వెంకటనరసమ్మ ముఖం తుడుచుకుంది.

"వద్దమ్మా. ఆ పేరే ఉంచెయ్యండి. ఇన్నాళ్లూ చెప్పడమేగానీ, పక్కన కూర్చుని ఎప్పుడూ వినలేదు నేను. ఇంత బరువు ఉందని తెలీదు." కాగితం తీసుకుని, నా పెన్ను అడిగి, కూడబలుక్కుంటూ తన పేరు సంతకం పెట్టింది. తిరిగిచ్చేస్తూ అంది. "మోసి మోసి అలిసిపోయేనమ్మా. ఇంక ఆవిడ దగ్గర ఉండనీండి. మా లంకకి మళ్ళీ ఎవరన్నా అడగడానికొస్తే, అనసూయమ్మని అడగమని చెప్పండి."