గడియ లేని గులాబీ గది

మా జేజి, నాయన తల్లి, పోయింది. సోమవారం పొద్దున రాయచోటి నుంచి చిన్నాయన ఫోన్ చేసి చెప్పాడు. మేం కడప నుంచి వెళ్లేసరికే షామియానా వేసేశారు. కుర్చీల్లో కూచున్న చుట్టాలందరిదీ ఒకటే మాట: "శానా సర్దుకుపోయే మనిషి. ఎవుర్నీ ఒక్క మాట అన్న మనిషి కాదు." వింటుంటే ఒళ్లు మండింది, అసహ్యమేసింది. మనిషి పోగానే ఆమెకు లేని గుణం అంటగట్టి ఏడవడమేమిటి? మా జేజి సర్దుకుపోయే రకం కానే కాదు. నచ్చనిది కనబడితే మూతి తిప్పి "థూ" అనేది. చల్లారిన బొరుగుల ఉగ్గాని పెట్టినా థూ, పెళ్లిలో కొత్త జంట మీదికి మిషన్‌తో పొగ వదిలినా థూ. ఆమె గురించి ఒక్కరైనా నిజం చెప్పాలని ఇది రాస్తున్నాను.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా నాయన మేడ మీద నాకొక గది కట్టించాడు. ఏ రంగు కావాలని నన్నెవరూ అడగలేదు. ఆడపిల్లంటే గులాబీ రంగేనట. గోడల నిండా సీతాకోకచిలుకల స్టిక్కర్లు, కిటికీకి కుచ్చుల పరదాలు. పీచుమిఠాయిలో పడుకున్నట్టుండేది. అదైనా ఓర్చుకున్నాను. తలుపుకు లోపల గడియ మాత్రం పెట్టించలేదు. "ఆడపిల్ల గదికి లోపల గడియెందుకు? తలుపేసుకోని ఫోన్ చూసేకా?" అన్నాడు నాయన.

దాంతో అది నా గది కాకుండా పోయింది. వచ్చినవాళ్లందరికీ అమ్మ దాన్ని చూపించేది. తలుపు తట్టేవాళ్లు లేరు. బీరువా తెరిచి నా బట్టలు తడిమేవాళ్లు. మేనత్త మొగుడు, మా మామ, భోంచేసి ఏసీ కోసం నా మంచమెక్కి గురకపెట్టేవాడు. లేచాక దిండు మీద తలనూనె మరక, దుప్పట్లో వక్కపలుకులు. ప్రతిసారీ దుప్పటీ, దిండు గలీబూ నేనే ఉతుక్కునేదాన్ని. బట్టలు మార్చుకోవాలంటే తలుపుకు కుర్చీ అడ్డం పెట్టి, కాలితో దాన్ని తన్నిపట్టుకునేదాన్ని.

దసరా సెలవులకు వచ్చిన జేజి అది చూసింది.

"ఏంది పాపా, కుర్చీతో కుస్తీ పడ్తాండావు?"

చెప్పాను. గది అంతా కలయజూసి, "థూ. ఇన్ని రంగులు పూసి, బెత్తెడు గడియ పెట్టలేకపోయినారా" అంది.

ఆ సాయంత్రం నుంచి నేను గదిలో ఉన్నంతసేపూ బయట తలుపుకు ఆముదం తల ఆనించి, కాళ్లు బారచాపి కూచునేది. ఒకరోజు మామ నిద్రకని పైకొచ్చాడు. అల్లుడని కూడా చూడలేదు. "లోపల పిల్ల ఉండాది. కిందికి పో అప్పా" అంది. ఆయన గొణుక్కుంటూ దిగిపోయాడు.

నాయనకు తల కొట్టేసినట్టయింది. "లెయ్యిమా, ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు?"

"గడియ పెట్టు, లేస్తా."

"నీ కాలంలో ఇయన్నీ యాడుండె?"

"లేవప్పా. జొన్న మూటల సందులో చీర మార్చుకుంటాంటి, ఎవరొస్తారో అని వణుక్కుంటా. ఇప్పుడు తల్చుకున్యా రోతే."

మర్నాడు నాయనే గడియ తెచ్చి బిగించాడు. వంకరగానే కుదిరింది గానీ గట్టిగా పడుతుంది.

జేజిని మట్టి చేసి కడపకు తిరిగొచ్చాం. వెంట మామ కూడా వచ్చాడు. మెట్లెక్కుతూ, "పాపా, ఊరికి పొయ్యేలోపల కాసేపు నీ గదిలో నడుం వాలుస్తా" అన్నాడు.

"కింద పడుకో మామా" అని తలుపేసి గడియ పెట్టుకున్నాను.

ఆ తలుపుకు బయటివైపు, కూచున్న మనిషి తల తగిలేచోట, ఆముదం మరక ఒకటి ఉంది. నాయన రంగు వేయిస్తానంటే నేనే వద్దన్నాను. ఆ మరకకు సరిగ్గా ఇవతల, నేల మీద, తలుపుకు తల ఆనించి కూచున్నాను.