బాణం గుర్తులో ఎరుపు: పైరోవా దాకా ఒక రోజు

మా ఆయన ప్రసాద్‌కి పాత మిలటరీ రివాల్వర్ల పిచ్చి. కాల్చడానికి కాదు, వాటి మీద కొట్టిన అచ్చులు చదవడానికి. దానికోసం పాత ఆయుధాలు సేకరించేవాళ్లకిచ్చే కలెక్టర్ లైసెన్సు కూడా తీసుకున్నారు. ఆదివారం పూట మొగుళ్లందరూ క్రికెట్ చూస్తుంటే ఈయన భూతద్దం పెట్టుకుని ఇనుప ముక్కల మీద కిరీటాలు వెతుక్కుంటారు. తుపాకులంటే నాకు భయం. అయినా 2006 చలికాలంలో ఆయనతో పైరోవా అనే ఊరికి వెళ్లాల్సి వచ్చింది. అక్కడ ఫామ్‌లో ఒంటరిగా ఉండే జోన్ అనే పెద్దావిడ ఫోన్ చేశారు. భర్త జిమ్ పోయాడు, ఆయన లైసెన్సు మీద ఉన్న రివాల్వర్‌ని నెలాఖరులోపు లైసెన్సు ఉన్నవాళ్లకి ఇవ్వాలి, లేదంటే పోలీసులు తీసుకెళ్లి కరిగించేస్తారు. "అది ఇండియాదని అంటారు. మీ భార్యని కూడా తీసుకురండి" అన్నారట. నేను రావడం ఎందుకో ఆవిడ చెప్పలేదు.

శనివారం పొద్దున్నే మేముండే మౌంట్ రాస్కిల్ నుంచి బయల్దేరాం. దారి సులువే. మోటర్‌వే మీద పాపకూర దాటి, పోకెనో దగ్గర రెండో నంబరు హైవే పట్టుకుంటే మొత్తం రెండు గంటల లోపే. పులిహోర డబ్బా, ఫ్లాస్కులో కాఫీ తీసుకెళ్లాం కాబట్టి పెట్రోలు తప్ప ఖర్చు లేదు. కానీ హౌరాకి మైదానంలోకి దిగేసరికి పొగమంచు కమ్మేసింది. అద్దం దించితే ఆవులు ఊపిరి వదలడం వినిపిస్తోంది, ఆవు మాత్రం ఒక్కటీ కనిపించదు. దారి అడుగుదామని ఒక డెయిరీ దగ్గర ఆగాం. ఇక్కడ వీధి చివరి చిన్న కొట్టుని అలాగే అంటారు. కొట్టతను జోన్ గారి ఫామ్‌కి దారి చెప్పి, "ఆ చెమర్చే తుపాకీ కోసమేనా?" అన్నాడు. నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు.

"వెనక్కి వెళ్లిపోదామండీ" అన్నాను కారెక్కగానే.

"చెమర్చడమేంటి సునీతా, డ్యాంప్‌కి తుప్పు పట్టుంటుంది. నువ్వు మరీనూ!" అన్నారు మా ఆయన. ఆయన గొంతులోనూ ధీమా లేదు.

జోన్ గారి ఇంట్లో బయటికన్నా ఎక్కువ చలిగా ఉంది. పొయ్యి పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంది, దాంట్లో మమ్మల్ని కూర్చోనివ్వలేదు. పేరు పెట్టి పిలవమన్నారు కానీ నాకు నోరు రాక ఆంటీ అన్నాను. ఆ పిలుపు ఆవిడకి నచ్చింది. ఇనప్పెట్టె తాళం తీశారు గానీ లోపల చెయ్యి పెట్టలేదు. మా ఆయనే ఒక ఫ్లానెల్ గుడ్డ మూట బయటికి తీసి విప్పారు. గుడ్డకి ఎర్రటి మరకలు. రివాల్వర్ మీద అక్షరాలు తడిసి ఎర్రగా మెరుస్తున్నాయి.

గుళ్లు లేవని చూసుకుని, మా ఆయన టార్చి పక్కనుంచి పట్టుకుని అచ్చులు చదివారు. మూడు గీతల బాణం ఉంటే సర్కారు సొత్తు. ఆ బాణం కింద ఇంగ్లీషు ఐ ఉంటే ఇండియా సైన్యానిది. సైన్యం దాన్ని పద్ధతిగా అమ్మేస్తే రెండు బాణాలు మొనలు కలిపినట్టు ఇంకో అచ్చు కొడతారు.

"ఇండియాదే. అమ్మిన గుర్తు మాత్రం లేదు" అన్నారు.

జోన్ ఆంటీ కళ్లు మూసుకున్నారు. "మా మామగారు ఇండియన్లతో కలిసి పోరాడిన ఎడారి యుద్ధం నుంచి తెచ్చారిది. ఎవరిదని అడిగితే లేచి వెళ్లిపోయేవారు. ఎవరినో ఇండియన్‌ని చంపి తెచ్చారని జిమ్ నమ్మకం. చలికాలం వస్తే ఈ రక్తం ఊరుతుంది. పోయేముందు జిమ్ నన్ను అడిగింది ఒక్కటే. మా నాన్న హంతకుడేమో కనుక్కో అన్నాడు."

"ముందు శుభ్రం చేసి చూద్దాం" అని మా ఆయన నూనె గుడ్డ తీశారు. నేను భయపడుతూనే వంగి చూశాను. ఇనుము వాసన కాదు, మా దేవుడి గూట్లో వాసన.

"ఆగండాగండి! ముట్టుకోకండి. ఆంటీ, ఒక నిమ్మకాయ ఉందా?"

పెరట్లో చెట్టు నుంచే కోసుకొచ్చారు. మూట గుడ్డ మీది మరకపై రెండు చుక్కలు పిండాను. ఎరుపు కాస్తా పసుపుపచ్చగా మారిపోయింది. రక్తమైతే అలా మారదు. అది చలికాలపు చెమ్మకి తడిసిన కుంకుమ. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుంది, పులుపు తగిలితే మళ్లీ పసుపైపోతుంది. దసరాకి ఆయుధపూజ చేసి పనిముట్లకి బొట్టు పెడతామని, మా కారుకీ కంప్యూటరుకీ కూడా పెడతామని ఆంటీకి చెప్పాను.

"అయితే ఇది ఆ ఇండియన్ సైనికుడు పెట్టిందా?" అన్నారు ఆవిడ.

మా ఆయన మళ్లీ టార్చి వేశారు. "అప్పటిది ఒక్కటే కాదు. పొర మీద పొర ఉంది. ఎవరో ఏళ్ల తరబడి పెట్టారు." ఆ మాటకి ముగ్గురం తలుపు వైపు చూశాం. బయట మంచు తప్ప ఏమీ లేదు.

ఆంటీ నెమ్మదిగా, "అక్టోబరులో మామగారు షెడ్డు తలుపేసుకుని కూర్చునేవారు. తాగుతున్నారనుకునేవాళ్లం. ఆవుల పుండ్లకని పసుపు తెప్పించేవారు. వెల్ల వేసే సున్నం షెడ్డులో ఎప్పుడూ ఉండేది" అన్నారు. నా చెయ్యి పట్టుకున్నారు. "ఈ కుంకుమ చెయ్యడం ఆయనకి ఎవరు నేర్పారు?"

"ఆ రివాల్వర్ ఎవరిదో ఆ సైనికుడే నేర్పి ఉంటాడు ఆంటీ. పక్కన కూర్చుని, కలిపి చూపించి ఉంటాడు. చంపడానికి వచ్చినవాడికి ఎవరూ నేర్పరు."

ఆవిడ ఖాళీ కుర్చీ వైపు తిరిగి, మనిషి ఉన్నట్టే మామూలు గొంతుతో, "జిమ్, కాదట" అన్నారు. నాకు ఏడుపొచ్చింది.

పర్మిట్ వచ్చాక ఆ రివాల్వర్ మా దగ్గరికి చేరింది. ఆ సైనికుడు ఎవరో, పోతూ పోతూ స్నేహితుడి చేతిలో పెట్టాడో, ఇంకేం జరిగిందో మాకు తెలియదు. ఎడారిలో ఎక్కడో ఇద్దరు కూర్చుని ఉంటారు, ఒకడు ఇంకొకడికి బొట్టు పెట్టడం చూపిస్తుంటాడు. ఆ దృశ్యం తలుచుకుంటే ఇప్పటికీ నాకు భయమూ వేస్తుంది, ప్రేమా పుడుతుంది. ఆ రెంటినీ విడదీయడం నా వల్ల కాలేదు.

ఇలాంటి వస్తువు చూడ్డానికి వెళ్లేవాళ్లకి ఒక్క మాట. అచ్చులు చదవడానికి గుడ్డతో రుద్దకండి, టార్చి ఏటవాలుగా పట్టుకోండి, నీడలో అక్షరాలు వాటంతటవే తేలతాయి. మా ఆయన ఆ రోజు ఒక్కసారి తుడిచి ఉంటే, ఆ కుర్చీతో చెప్పడానికి జోన్ ఆంటీ దగ్గర ఏమీ ఉండేది కాదు.