క్షేమంగా చేర్చమని అడిగాను

మా తమ్ముడి కొంప ముంచింది నా నోరే. పోలీసుల దగ్గరో, కోర్టులోనో జారిన మాట కాదు. ఆదివారం మందిరంలో, మైకు పట్టుకుని, దేవునికి స్తోత్రం చెబుతూ అన్న మాట.

అమెరికాలో, మేముండే చాండ్లర్‌లో మా తెలుగు ఆరాధన మధ్యాహ్నం రెండు గంటలకు మొదలవుతుంది. పొద్దున ఆ మందిరం అమెరికన్ సంఘానిది. పాటలయ్యాక సాక్ష్యాలుంటాయి. వీసా వచ్చినవాళ్ళూ, ఆపరేషన్ గట్టెక్కినవాళ్ళూ ముందుకొచ్చి చెబుతారు. నాకు సాక్ష్యం చెప్పడమంటే మహా సరదా. అందరూ రెండు ముక్కల్లో ముగిస్తే నేను ఊరూ పేరూ రోజూ గంటా అన్నీ చెప్పి గానీ కూర్చోను.

తమ్ముడిది విశాఖలో ఎలక్ట్రానిక్ సామాన్ల వ్యాపారం. అమ్మ పోయేనాటికి వాడికి ఆరేళ్ళు, నాకు పదిహేను. తల దువ్వి, పలక చేతికిచ్చి బడికి పంపింది నేనే. నా భర్త ఇక్కడ హఠాత్తుగా పోయినప్పుడు వాడు వ్యాపారం వదిలేసి వచ్చి, మూడు నెలలు నాకూ నా కూతురికీ వండిపెట్టాడు. అలాంటివాడు, "అక్కా, చిన్న పార్సిల్స్ నీ ఇంటికి ఆర్డర్ పెడతా, వచ్చేవాళ్ళతో పంపించు" అంటే ఎందుకని అడుగుతానా?

ఇండియా వెళ్ళేవాళ్ళ సూట్‌కేసులో ఒక కిలో చోటు అడగడం మాలో మామూలే. విటమిన్ సీసాలు, చాక్లెట్లు, మోకాళ్ళ నొప్పుల మందు, వాటి మధ్య వెండి రంగు కవర్లలో వాడి ఎలక్ట్రానిక్ చిప్‌లు. ఏడాదిపాటు మా సంఘంలో సగం మంది మోశారు, పాపం. ఒకసారి హైదరాబాద్ కస్టమ్స్‌వాళ్ళు ఒక ఆంటీ సూట్‌కేసు ఆపేశారు. అందరం ఉపవాస ప్రార్థన చేశాం. మూడో రోజు వదిలేశారు. ఇంకేం, ఆ ఆదివారం మైకు నాదే.

"ప్రైజ్ ది లార్డ్! మా తమ్ముడి చిప్‌లు కస్టమ్స్ నుంచి విడిపించిన దేవునికి స్తోత్రం. దుబాయ్ పార్టీకి టైమ్‌కి అందాయి. ఇంకో రెండొందలు కావాలన్నారు, వాటి కోసం కూడా ప్రార్థించండి."

మా ఆరాధన యూట్యూబ్‌లో లైవ్ వెళుతుంది. నా బుర్రకు ఆ సంగతే తట్టలేదు.

నెల తరవాత ఒక ఆడమనిషీ ఒక మగమనిషీ తలుపు తట్టారు. ఫెడరల్ ఏజెంట్లు. గుమ్మం దగ్గర చెప్పుల వరస చూసి, చెప్పకుండానే షూస్ విప్పారు. సోఫాలో కూర్చుని టాబ్లెట్ తెరిస్తే అందులో నేనే, ఊదారంగు పట్టుచీరలో, చెయ్యెత్తి స్తోత్రం చెబుతూ. కింద ఇంగ్లిష్ అక్షరాలు పరుగెడుతున్నాయి. తరవాత ఒక ఫొటో చూపించారు. టీవీలో రోజూ చూపించే ఆ యుద్ధంలో, ఎవరి పొలంలోనో కూలిన డ్రోను, దాని లోపల చిప్, దాని మీద నంబరు. అదే రకం చిప్‌లు మా ఇంటికొచ్చాయని కాగితాలు పెట్టారు. దుబాయ్ పార్టీ అంటే ఆ డ్రోను వదిలిన దేశపు గూఢచారి శాఖ మనుషులేనట.

ఆ యుద్ధం మాటొచ్చినప్పుడల్లా తమ్ముడు ఒకటే అనేవాడు. "మన దేశం ఎవరి వైపూ లేదు కదక్కా. మనకెందుకు?" నేనూ నిజమేననుకునేదాన్ని.

వాడికి ఫోన్ చేసి, చిప్‌లు ఎటు పోతున్నాయో అడగమన్నారు ఏజెంట్లు. వాళ్ళు రికార్డ్ చేసుకుంటారట. చచ్చినా చెయ్యనన్నాను. నా కూతురు ఇక్కడే పుట్టింది, హాస్పిటల్‌లో కాలినవాళ్ళ వార్డులో నర్సు. ఆ ఫొటో చూసినప్పటి నుంచి దానికి అన్నం దిగలేదు.

"అమ్మా, మామయ్యకి తెలుసా, తెలీదా? తెలీకపోతే దిస్ విల్ హెల్ప్ హిమ్ కదా. ఫోన్ చెయ్."

వాడికి తెలియదనే నా నమ్మకం. వాణ్ణి బయటపడేద్దామనే ఒప్పుకున్నాను.

శనివారం పొద్దున ఏడింటికి మేమిద్దరం ఫోన్లో మాట్లాడుకుని, చివర్లో ప్రార్థన చేసుకుంటాం. ముందు వాడు, తరవాత నేను. ఆ శనివారం నా ఎదురుగా ఏజెంట్లు, పక్కన కూతురు. వాడు దాని పెళ్ళి కబుర్లే చెబుతున్నాడు. పెళ్ళికి వారంలో ఇక్కడికి బయల్దేరుతున్నాడు మరి, మేనమామ.

"ఒరేయ్, ఆ చిప్‌లు దుబాయ్ నుంచి ఎటు పోతాయిరా?"

"నీకెందుకక్కా అవన్నీ?"

"నాకు చెప్పవా?"

"నీకు చెప్పకుండా ఉంటానా? యుద్ధానికే అక్కా. వాళ్ళు మామూలు కంపెనీవాళ్ళు కారు. మొదట్నించీ తెలుసు. నువ్వు భయపడతావని చెప్పలేదు."

నేను అడిగాను గనక చెప్పాడు. ఇంకెవరడిగినా చెప్పేవాడు కాదు.

తరవాత వాడు ఎప్పటిలాగే ప్రార్థన చేశాడు. నా బీపీ గురించి, పెళ్ళి గురించి. "నా ప్రయాణం కోసం నువ్వు చెయ్యక్కా" అన్నాడు. హెచ్చరించవద్దని ఏజెంట్లు ముందే చెప్పారు. అయినా, ప్రభువా ఈ ప్రయాణం ఆపు అని ఒక్క ముక్క అంటే చాలు, వాడికి అర్థమైపోయేది. కళ్ళు తెరిచి చూశాను. కూతురు నావైపే చూస్తోంది. నాకు భయమేసింది. మొదట్నించీ తెలిసి నా చేత మోయించాడే అని ఒళ్ళు మండింది కూడా.

"వాణ్ణి క్షేమంగా చేర్చు ప్రభువా" అన్నాను.

క్షేమంగానే చేరాడు. ఫీనిక్స్ ఎయిర్‌పోర్ట్‌లో విమానం దిగగానే పట్టుకున్నారు. వాడి సూట్‌కేసులో నా కూతురికి పెళ్ళిచీర, నాకు ఎండు నెత్తళ్ళు ఉన్నాయట. పెళ్ళి మేనమామ లేకుండానే జరిగింది.

మొన్న జైలుకి వెళ్ళాను. మధ్యలో అద్దం, చెరోవైపు ఫోను. బాగా చిక్కిపోయాడు. తల దువ్వుకోలేదు.

"ఆ రోజు వాళ్ళు పక్కనే ఉన్నారా అక్కా?"

"ఉన్నార్రా."

"ప్రార్థన చేసేటప్పుడు కూడానా?"

తలూపాను. ఒక్క తిట్టు తిట్టినా బతికిపోయేదాన్ని. వాడు కళ్ళు మూసుకుని, ఎప్పటిలాగే ముందు తను ప్రార్థన చేశాడు. నా బీపీ గురించే. ఆమేన్ అని, నా వంతు కోసం ఫోను చెవికి ఆనించుకుని కూర్చున్నాడు. వందమంది ముందు మైకు వదలని నాకు నోరు పెగల్లేదు. టైమ్ అయిపోయిందని ఆఫీసరు వచ్చేదాకా వాడు అలాగే కూర్చున్నాడు.