ఎర్ర డబ్బా, ఎంటర్ మీట, సుజాత మూడో అధ్యాయం

1997లో నన్ను కెమిస్ట్రీ స్టోర్ నుంచి కంప్యూటర్ సెంటర్‌కు బదిలీ చేశారు. హోదా ల్యాబ్ అటెండర్. తార్నాకలో బస్సు దిగి యూనివర్సిటీ క్యాంపస్‌లోకి నడిచేవాణ్ణి. ముప్ఫై ఆరేళ్లకు అక్షరాలు దిద్దినవాణ్ణి, ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతాను. అయినా ఫ్లాపీలు తనిఖీ చేసే కుర్చీ నాకే ఇచ్చారు. చదువుకున్నవాళ్లెవరూ అందులో కూర్చోవడానికి ఒప్పుకోలేదు మరి.

పద్ధతి ఇదీ. బయటి నుంచి వచ్చిన ఫ్లాపీ ఏదైనా ముందు నా మిషన్‌లో పెట్టాలి. యాంటీవైరస్ దాన్ని గాలిస్తుంది. వైరస్ దొరికితే తెర మీద ఎర్ర డబ్బా వస్తుంది. అందులో డిలీట్, క్లీన్, స్కిప్ అని మూడు. డిలీట్ అంటే ఫైలే పోతుంది. క్లీన్ అంటే వైరస్ పోయి ఫైలు మిగులుతుంది. స్కిప్ అంటే దేన్నీ ముట్టదు. ఎంటర్ కొడితే ముందే వెలుగుతున్నది పనిచేస్తుంది. వెలిగేది డిలీట్. ఏ మహానుభావుడి ఆలోచనో తెలియదు.

మా సెంటర్‌లో ఒక ఆచారం ఉండేది. తెర మీద ఏ డబ్బా వచ్చినా ఎంటర్ కొట్టి పంపించడమే. ప్రింటర్‌లో కాగితం అయిపోయిందన్నా అదే మందు. ప్రొఫెసర్లూ అంతే, నేనూ అంతే.

కడప నుంచి వచ్చిన సుజాత అనే పరిశోధక విద్యార్థిని ఒకరోజు తన ఫ్లాపీ ఇచ్చింది. పదిహేను రోజుల్లో థీసిస్ ఇవ్వాలి. డబ్బా వచ్చింది, నా చెయ్యి ఎంటర్ కొట్టింది, మూడో అధ్యాయం పోయింది.

"యాడికి పోయింది సత్తయ్యగారూ? నాకు ఇంకో కాపీ లేదు!"

"నేనే కొట్టిన తల్లీ. తప్పు నాదే," అన్నాను.

ఫైలు వెనక్కి తెచ్చే ప్రయత్నాలన్నీ విఫలమయ్యాయి. ఆమె గైడు ఎర్ర ఇంకుతో దిద్దిన ప్రింటు ఒకటి మిగిలింది. దాన్ని చూస్తూ ఆమె మళ్లీ టైపు చేయడం మొదలుపెట్టింది. నాలుగో అధ్యాయంలోనూ అదే వైరస్ ఉంది. దాన్ని మాత్రం నన్ను ముట్టనివ్వలేదు.

ఇన్‌ఛార్జి ప్రొఫెసర్ నాకు మెమో ఇచ్చి, పరిష్కారంగా కొత్త యాంటీవైరస్ కొందామన్నారు. దాని ఏజెంటు జూన్ ఉక్కలో టై కట్టుకుని వచ్చాడు. తెర నిండా రంగులు, ఒక మూలన తిరిగే డాలు బొమ్మ. "చదువు తక్కువ ఉన్నవాళ్లకు కూడా అర్థమయ్యేలా చేశాం సార్," అని నావైపు చూశాడు.

నేను సుజాతను అడిగి, నాలుగో అధ్యాయానికి ఒక కాపీ తీసి అతని చేతిలో పెట్టాను. "గీ ఫ్లాపీ చూపియ్యి సారూ. వైరస్ ఉన్నది."

అతను మాట్లాడుతూనే ఫ్లాపీ పెట్టాడు. డాలు వెలిగింది, అందమైన డబ్బా వచ్చింది. అందులోనూ ముందే వెలిగింది డిలీటే. అతను ప్రొఫెసర్ గారికి రంగుల గొప్పతనం చెబుతూ, తెర చూడకుండానే ఎంటర్ కొట్టాడు.

"మీ దాంట్లో కూడా పోయిందా?" అంది సుజాత.

అతను ఫైలు కోసం వెతికాడు. లేదు. "మెసేజ్ చదవాల్సిందండీ," అన్నాడు.

"నువ్వే సదవకపోతివి, ఇంకెవ్వలు సదువుతరు బిడ్డా?" అన్నాను. ప్రొఫెసర్ గారు కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు.

కొత్తది కొనలేదు. పాతదాని సెట్టింగుల్లో ఎంటర్‌కు స్కిప్ తగిలేలా మార్చారు. డిలీట్ కావాలంటే రెండు మీటలు కలిపి నొక్కాలి. సుజాత నాలుగో అధ్యాయాన్ని నా కుర్చీలోనే కూర్చుని క్లీన్ చేసుకుంది. థీసిస్ గడువుకు ఒకరోజు ముందు ఇచ్చింది. నా మెమో మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

భద్రతా సాఫ్ట్‌వేర్‌కు తెర మీద కొత్త ముఖం కావాలా అని ఇప్పటికీ అడుగుతుంటారు. కావాలి. అయితే దాన్ని గీసేవాడు ముందు ఒక వారం నాలాంటి అటెండరు పక్కన కూర్చోవాలి. మనిషి చదవడని, చెయ్యి అలవాటున పోతుందని ఒప్పుకుని గీయాలి. అది ఒప్పుకోనివాడు ఎన్ని రంగులు పూసినా ఫైళ్లు పోతూనే ఉంటాయి.