పాముకాటు ఫైలు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మగవాళ్లను ప్రేమించిన మగవాళ్ల గురించి పాత పత్రికల్లో వెతకడానికి హిందూపురంలో ఒక లైబ్రరీకి వెళ్లాను. అక్కడి లైబ్రేరియన్ కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, హాలంతా వినబడేలా, "అట్లాంటివి మన పక్క లేవప్పా" అన్నారు. అడగరానిది ఎవరడిగినా ఆయన అద్దాలు అలాగే పైకి పోయేవట.

హాలు ఖాళీ అయ్యాక బీరువాలోంచి 'పాముకాటు వైద్యం' అని రాసిన ఫైలు తెచ్చి నా ముందు పెట్టారు. లోపల ఆయన ఏళ్ల తరబడి కత్తిరించి అంటించిన వార్తలు. ధర్మవరంలో ఒకే ఇంట్లో జీవితమంతా కలిసి బతికిన ఇద్దరు నేతగాళ్ల వార్త కూడా ఉంది.

"ఈ పేరెందుకు పెట్టినారు సార్?"

"ఈ పేరుంటే తనిఖీకి వచ్చినోళ్లు గూడా ముట్టరప్పా. ఇంగ యాడన్నా ఇట్లాంటివి దొరికితే నాకొక కాపీ పంపు."

ఇంటి అడ్రసు అడిగాను.

"ఇంటికొద్దు, ఆడ అందరూ చదువుతారు. ఈడికే పంపు. లైబ్రరీలో ఎవురూ చదవరు."