మత్తు డాక్టరమ్మకు చెప్పిన తుపాను

మా బావ పక్కన లేకపోతే నిజమే చెప్పేవాణ్ణేమో.

పేగు ఆపరేషన్‌కి ముందురోజు మత్తు డాక్టరమ్మ వచ్చి, "బస్సులో, పడవలో వాంతులవుతాయా మీకు?" అని అడిగింది. పోర్టులో సరుకు దించే ముఠా మనిషిని నేను. మాలో కడుపు తిప్పుతుందని ఒప్పుకున్నవాడికి రిటైరయ్యేదాకా 'బకెట్టు' అనే పేరు ఖాయం. బావదీ అదే ముఠా. మా ఆవిడేమో స్కానింగు కాగితాల కోసం కిందికి వెళ్లింది.

"నాకా అమ్మా? తుపాన్లో టగ్గు మీద మూడ్రోజులున్నాను. కెప్టెన్ కక్కుకుంతుంటే ఆయన పీతల పులుసు కూడా నానే తినీసేను."

బావ పగలబడి నవ్వాడు. డాక్టరమ్మా నవ్వి, ఏదో రాసుకుంది. ఓడల్ని లాగే ఆ టగ్గు పడవను నేను ఒడ్డు మీద నుంచే చూశాను. సబ్బవరం బస్సెక్కితే గోపాలపట్నం దాటకముందే కిటికీ కావాలి నాకు.

ఆపరేషన్ అయ్యాక నొప్పికి గట్టి ఇంజెక్షన్ ఇచ్చారు. నొప్పి పోయింది, కడుపులో సముద్రం లేచింది. కక్కిన ప్రతిసారీ పొట్ట మీది కుట్లు ఎవరో చేత్తో పట్టి లాగినట్టుండేది. ఇంజెక్షన్ వద్దంటే నొప్పికి ఊపిరాడదు, కావాలంటే బకెట్టు. మర్నాటి దాకా అంతే.

నర్సమ్మ విసుక్కుంది. "ఈ మందు కొందరికి పడదు. వాంతులయ్యే మడిసని ముందే తెలిస్తే ఆపరేషన్లోనే దానికీ మందిచ్చీవోరు."

మా ఆవిడ నోరు తెరిచింది. "తెలీకేటి? నిమ్మకాయ ముక్కుకాడ ఎట్టుకోకుండా ఈయన బస్సులో కూకుంతాడేటి?"

డాక్టరమ్మ వచ్చింది, ఈసారి నవ్వలేదు. సెలైన్లో వాంతుల మందు వేయించింది. గట్టి మందు తగ్గించి, మామూలు నొప్పి మందులు కలిపింది. తల ఒక్కసారిగా లేపొద్దంది, నీళ్లు గుక్కెడే తాగమంది. సాయంత్రానికి కడుపు సద్దుమణిగింది. కానీ అప్పటికే ఒక మూల కుట్లు తెగిపోయాయి. మళ్లీ థియేటర్‌కి.

వెళ్లేముందు డాక్టరమ్మ మళ్లీ అదే అడిగింది. బావ అక్కడే ఉన్నాడు. "అవుతాయమ్మా. బస్సెక్కినా అవుతాయి," అన్నాను.

ఆమె వెంటనే రాసుకోలేదు. తలెత్తి మా ఆవిడ వైపు చూసింది. ఆవిడ తలూపాకే కలం కదిలింది.